నీటికి కులము లేదందురు

మొన్న మా యింట నలుగురు మిత్రులు కూడినప్పుడు గోదావరి వరదలను గూర్చి ప్రసంగము వచ్చెను. వారిలో నొకరు బాగుగా చదువుకొన్నవారు, నాలుగూళ్లు తిరిగినవారు, సంఘసంస్కరణమునందు నిజమైన యభిమానము గలవారు. వారు కాఫీ గ్లాసు క్రింద పెట్టి, "ఏమైనను ప్రకృతి ముందర నందరును సమానులే. నీటికి కులము లేదు, వరదకు కలవాడు లేనివాడను భేదము లేదు" అని సెలవిచ్చిరి. తక్కినవారు తలలూపిరి. నేనును ఊపితినని ఒప్పుకొనక తప్పదు. ఆ మాట వినుటకు అంత యింపుగా నుండెను. అందరు వెళ్లిన తరువాత నాలోచింపగా, ఆ మాట యబద్ధమని తోచినది. అదియు సామాన్యమైన యబద్ధము కాదు. మనబోటివారికి సుఖనిద్ర పట్టించు నబద్ధము. భద్రాచలపు రేవున నిలిచి చూచినవారెవ్వరును ఆ మాట రెండవసారి అనజాలరు.

2022 జూలై 16 వ తేదీన భద్రాచలముకడ గోదావరి 71.3 అడుగుల మట్టమున ప్రవహించెను. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 కి రెండవది, 53 కి మూడవదియు కడపటిదియు. కడపటి హెచ్చరికకు పైన మరి మూడు నిలువుల నీరు నడచినదన్నమాట. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినది. 1990 లో 70.8 వచ్చినది. 1986 తరువాత అంత యెత్తున నది నిలిచినది 2022 లోనే. అదియు ఆగస్టులో గాక జూలై నడుమనే, తొలకరి విత్తులు మొలకలెత్తుచున్న దినములలో. ఈ యంకెలన్నియు పత్రికలలో వచ్చినవి. మనము ఉదయమున లేచి, నేడెన్ని యడుగులైనదని క్రికెట్టు లెక్కవలె చూచుకొంటిమి.

కాని ఆ కొలబద్ద యెవరి గుమ్మము ముందర నున్నది? పట్టణము ముందర. ఏరు నిండుగా వచ్చినప్పుడు ముందుగా మునుగునది పట్టణము కాదు. గోదావరి పొంగినప్పుడు అందు కలియవలసిన యుపనదులకు చోటు దొరకదు. అవి వెనుకకు తన్నును. బూర్గంపాడు వైపున కిన్నెరసాని, చర్ల వైపున తాలిపేరు, కూనవరముకడ శబరి యిట్లే చేయును. శబరి వెనుకకు తన్నినప్పుడు చింతూరు మునుగును. వీటి నడుమ పేరులేని వాగులు ఎన్నియో కలవు. ఒక్కొక్క వాగు పొంగి ఒక్కొక్క గూడెపు త్రోవను త్రెంచివేయును. పట్టణమున అధికారులు మైకులు కట్టి మూడవ హెచ్చరిక చాటునప్పటికే దుమ్ముగూడెము, కూనవరము దారులలో బండి కదలదు. హెచ్చరిక యనునది తప్పించుకొని పోవుటకు త్రోవ గలవానికి మాత్రమే పనికివచ్చును. త్రోవ తెగిన పిమ్మట విన్నవానికి అది వార్త మాత్రమే.

పట్టణములోనైనను చూడుడు. దేవుడు కొండమీద నున్నాడు. నదికిని ఊరికిని నడుమ కరకట్ట కట్టిరి, మంచి పనియే. వరద వచ్చినప్పుడు కరకట్ట తూముల తలుపులు దించివేయుదురు. అప్పుడు ఊరిలో కురిసిన వాననీరును మురుగునీరును ఏటిలోనికి పోజాలక లోపలనే నిలుచును. మోటార్లతో తోడిపోయుదురు. ఆ నిలిచిన నీరు ఎక్కడికి చేరును? అయ్యప్ప కాలనీ, సుభాష్ నగర్ వంటి పల్లపు పేటలకు. అచ్చటివారు కూలివారు, బండ్లమీద చిల్లర సామాను అమ్ముకొనువారు, సత్రములలోను హోటళ్లలోను అంట్లు తోముకొనువారు. నీరు వారి కులమడిగి వారియింటికి పోలేదు, నిజమే. అగ్గువకు దొరకు స్థలము పల్లమున నుండును, మెరకనున్నది పిరముగా నుండును. ఆ ధర నిర్ణయించినది నీరు కాదు, మనము. నీరు మనము ముందుగా గీసియుంచిన గీతల వెంబడి నడచినది.

ఇది భద్రాచలమునకే చెందిన విశేషము కాదు. 1977 నవంబరు 19 న దివిసీమలో ఉప్పెన వచ్చి ప్రభుత్వ గణన ప్రకారమే ఇంచుమించు పదివేలమందిని బలిగొన్నప్పుడు, డాబా యెక్కినవారు బ్రదికిరి, పూరిగుడిసెలవారు కొట్టుకొనిపోయిరి. 1943 లో వంగదేశమున లక్షలకొలది జనులు ఆకలిచే మడిసిరి; వారిలో ఎక్కువమంది పల్లెటూళ్ల కూలీలు, బెస్తలు, చేతిపనివారు. దేశమున గింజలు లేకపోవుటకంటె వారిచేత కొనుశక్తి లేకపోవుటయే ప్రధాన కారణమని అమర్త్యసేన్ గారు 1981 లో ప్రకటించిన గ్రంథమున విపులముగా నిరూపించిరి. ఉపద్రవము ఆకాశమునుండి పడును గాని, చావు మాత్రము సంఘపు మెట్ల వరుసలోనే దిగును.

"అంత తెలిసియు వారేల ఆ పల్లమును విడిచి మెట్టకు పోరు? ఏటేట మునుగుట, ఏటేట ఏడ్చుట, ఇదేమి మౌఢ్యము?" అని మా మిత్రుడే రెండవ ప్రశ్న వేసెను. ఇది విద్యావంతుల నోట తరచుగా వినబడు ప్రశ్న. దీనికి నిదానముగా సమాధానము చెప్పవలసియున్నది.

మెట్టయనగా ఎవరిది? గోదావరి గట్టు దాటి పైకి పోయినచో అడవి. ఆ యడవి కోయలు తాతముత్తాతలనాటినుండి తిరిగిన యడవియే. ఇంగ్లీషు ప్రభుత్వము ఒక వైపునను, నైజాము ప్రభుత్వము వేరొక వైపునను దానికి రాళ్లు పాతి రిజర్వు చేసిరి. నాటినుండి అందు గుడిసె వేసినవాడు ఆక్రమణదారుడు. 2006 లో అటవీ హక్కుల చట్టము వచ్చినది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో నున్న యడవి భూమికి గిరిజనులకు హక్కు ఇయ్యవలెనని దానిలో వ్రాసిరి. మంచి చట్టము. కాని వరదకు వెరచి నేడు మెట్టకెక్కిన కోయవాడు 2005 నాటికి అక్కడ లేడు గదా! కావున అతనికి ఆ చట్టము వర్తింపదు. పైకి పోయెనా, ఆక్రమణదారుడు; క్రిందనే యుండెనా, మూర్ఖుడు. మధ్యమున నిలుచుటకు మనము అతనికి ఏ మెట్టును మిగిల్చితిమి కాము.

గొత్తికోయల సంగతి ఇంతకంటెను దారుణము. 2005 లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుం పేరిట ఊళ్లు తగులబడినప్పుడు ప్రాణములు దక్కించుకొనుటకై సరిహద్దు దాటి ఖమ్మము, భద్రాచలము అడవులలోనికి వచ్చి, వాగుల ప్రక్కన ఆకుగుడిసెలు వేసికొనిరి. వారు అక్కడ గిరిజనులు. ఇక్కడికి రాగానే కాగితములమీద గిరిజనులు కాకపోయిరి. మిరపకాయలు కోయుటకు వారు కావలెను. కోత ముగిసిన తరువాత వారి గుడిసెలు ఉండరాదు. వరద లెక్కలలో వీరికి గడి దొరకుట ఎంత కష్టమో చదువరులే యూహించుకొందురు గాక.

లెక్కలనగా జ్ఞప్తికి వచ్చినది. ఆ వరద తీసిన పిమ్మట నేను కూనవరము దారిని పోయితిని. చెట్ల కొమ్మలకు చిక్కిన గడ్డిపోచలు నా తలకంటె ఎంతో యెత్తున వ్రేలాడుచుండెను. ఒక బడి వరండాలో పొయ్యి రాజేయుటకు తడికట్టెలతో అవస్థపడుచున్న ఒక కోయ ముదుసలిని, "అమ్మా, సాయము కొరకు నీ పేరు వ్రాసికొన్నారా?" అని యడిగితిని. ఆమె పొగలోనుండి తలయెత్తి, "మూడు తడవలు రాసుకొని పోయిండ్రు సారూ. పేరడిగిండ్రు, కార్డడిగిండ్రు. ఏం పోయిందని మాత్రం అడగలే" అనెను. ఆమెకు పోయినవి వేసవిలో ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు, సొరబుఱ్ఱలో దాచిన జొన్న విత్తులు, రెండు చాపలు. వీటికి ఏ దస్త్రమునందును గడి లేదు. విత్తులు పోయినవాడు షావుకారుకడకు పోవును. పంట వచ్చినప్పుడు ఒకటికి ఒకటిన్నర కొలిచి యిచ్చును. వరద మూడు దినములలో తీసిపోవును. ఆ యప్పు తీయుటకు మూడేండ్లు పట్టును.

గడి యున్న వస్తువులకైనను న్యాయము జరుగుచున్నదా యన్నచో అదియు లేదు. 2022–23 మొదలు 2025–26 వరకు కేంద్ర ప్రభుత్వము ఏర్పరచిన విపత్తు సహాయపు ప్రమాణములు చూడుడు. మైదానమున పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000 రూపాయలు. గుడిసె యనగా గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టా మొదలగువానితో వేసికొన్నది, కచ్చా ఇంటికంటెను తక్కువదియని నిర్వచనము కూడ వ్రాసిరి. ఎవనికి పోయినది వాని సర్వస్వమో వానికి ఎనిమిది వేలు. పోయిన వస్తువు వెలనుబట్టి యిచ్చుట ధర్మమే కదా యని వాదించువారు కలరు. నేను వారిని ఒక్కటే యడుగుచున్నాను: ఎనిమిది వేలతో తిరిగి నిలుపగలిగినది మరల ఆ గుడిసెయే, ఆ పల్లమునందే. మరుసటి వరదకు ప్రభుత్వము మరల ఎనిమిది వేలు సిద్ధము చేసికొనవలెను. మనిషిని మునుగుచోటనే మరల పాతిపెట్టుటకు ఇచ్చు సొమ్మును సహాయమని ఏల పిలువవలెను?

పొలముల కథయు ఇట్టిదే. ఏజన్సీ భూములు గిరిజనేతరుల చేతిలోనికి పోరాదని 1959 నాటి నిబంధనను 1970 లో సవరించి 1/70 చట్టము చేసిరి. చట్టము గ్రంథమున నిలిచినది. భూములు బినామీ పేరులతోను నోటిమాట కౌలులతోను చేతులు మారినవి. కౌలుదారు అప్పుచేసి మిరపయో పత్తియో పెట్టును; నీరు వచ్చి దానిని తుడిచివేయును; నష్టపరిహారము పాసుపుస్తకము గలవానికి చేరును. పొలములో కూలి చేసికొను స్త్రీకి ఆ సంవత్సరపు కలుపు, కోత, ఏరుడు అన్నియు పోయినవి. ఆమె పేరు ఏ పుస్తకమునను లేదు. పంట నష్టమనుటయే గాని పని నష్టమని మనవారు ఎన్నడును లెక్కించియుండలేదు.

ఇక గట్లు. 2022 లో నీరు ఒక్కటే, దినము ఒక్కటే. భద్రాచలమున ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు జూలై 17 న వచ్చి కుటుంబమునకు 10,000 రూపాయలని ప్రకటించిరి. కొన్ని మైళ్ల దిగువన, ఆంధ్రప్రదేశ్ లోని ముంపు మండలములలో కుటుంబమునకు 2,000 రూపాయలు. కోయవాని బంధువులు ఈ గట్టునను కలరు, ఆ గట్టునను కలరు. మేనమామకు పదివేలు, మేనల్లునకు రెండువేలు. ఏ శాస్త్రమున నున్నదో ఈ లెక్క! భద్రాచలమును ఆనుకొనియున్న ఎటపాక, కన్నాయిగూడెము, పిచ్చుకలపాడు, పురుషోత్తమపట్నము, గుండాల గ్రామములవారు మమ్ము తెలంగాణములో కలుపుడని ఆ దినములలో రోడ్డెక్కిరన్న ఆశ్చర్యమేమున్నది?

ఈ ప్రాంతపు ప్రజలను ఏలినవారు ఎన్నిమార్లు చేతులు మార్చిరో చదువరులు కొంచెము ఓర్పుతో వినవలెను. భద్రాచలము తాలూకా 1874 లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానికి వచ్చెను. 1959 లో తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు పోయెను. 2014 లో పోలవరము నిమిత్తమై పట్టణము తప్ప భద్రాచలము మండలమును, కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలములను, బూర్గంపాడులో కొంత భాగమును ఆంధ్రప్రదేశ్ కు మార్చిరి. 2022 ఏప్రిల్ లో జిల్లాలు మరల చీల్చి కుక్కునూరు, వేలేరుపాడులను ఏలూరికిని, తక్కినవానిని అల్లూరి సీతారామరాజు జిల్లాకును ఇచ్చిరి. నాలుగు నెలలు తిరుగకమునుపే వరద వచ్చెను. అప్పటికి చింతూరువారి కలెక్టరు కచేరి కొండలకవతల పాడేరున నుండెను. ఒక్కసారియైనను ఆ గూడెములవారిని, మీకెక్కడ నుండవలెనని యున్నదని అడిగినవారు లేరు. కాగితములు ఒక కచేరినుండి మరియొక కచేరికి మూటకట్టి పోవుచున్నప్పుడు ఎవని దరఖాస్తు జారిపోవును? ప్లీడరు లేనివానిది.

పోలవరమును గూర్చి మాటాడక తీరదు. ఆనకట్ట వలదని నేను అనుటలేదు. డెల్టా రైతునకు నీరు కావలసినదే. కాని లక్షకు పైచిలుకు కుటుంబములు దానికొరకు ఊళ్లు విడువవలసియున్నది. వారిలో కోయలు, కొండరెడ్లు అధికసంఖ్యాకులు. తుదకు నీరు 45.72 మీటర్ల వరకు నిలుపవలెనని సంకల్పము. మొదటి దశకు 41.15 మీటర్లని గీత గీసిరి. గీతకు లోపలివారికి ముందు పరిహారము, వెలుపలివారు వేచియుండవలెను. 2022 జూలైలో నది ఆ గీతను చూడలేదు. గీతకు వెలుపలనున్నారని దస్త్రములలో వ్రాసియున్న గ్రామములలోనికి కూడ నీరు వచ్చెను. ఆ గ్రామస్థులు కొండలెక్కి టార్పాలిన్ల క్రింద దినములు గడపుచు, "మేము మునిగితిమా లేదా మీరే చెప్పుడు" అని యధికారులను అడిగిరి. లెక్క మరల తీసెదమని అప్పుడు గాని ప్రభుత్వము అనలేదు. కొలతగొలుసుకంటె ముందుగా ఏరు సర్వే చేసిపోయినది.

గృహిణులైన చదువరులకు ఒక మాట. పునరావాస శిబిరమన్న పేరు వినుటకు గంభీరముగా నుండును. అది సామాన్యముగా ఒక బడి. బడికి మరుగుదొడ్లు ఒకటో రెండో. అవియు పిల్లలకొరకు కట్టినవి. అందు నూరు కుటుంబములు దిగినవనుకొనుడు. మగవాడు చెట్టు చాటునకు పోవును. ఆడుది చీకటి పడువరకు నిగ్రహించుకొని, అందుకొరకు నీళ్లు త్రాగుట మానుకొనును. నెలసరి దినములలో గుడ్డ ఉతుకుటకు చాటు లేదు, ఆరవేయుటకు ఎండ లేదు. పాలిచ్చు తల్లికి ఎదురుగా వందమంది. ప్రసవ దినములు దగ్గరపడిన స్త్రీలను వరదకు ముందే ఆసుపత్రులకు చేర్చు పద్ధతి యొకటి యీ ప్రాంతమున వచ్చినది; దానిని చేయుచున్న ఆశా కార్యకర్తలకును దాదులకును నమస్కరించుచున్నాను. తక్కినది మనము చేయుచున్నదేమి? చిరిగిన చీరలు మూటగట్టి పంపుచున్నాము. వలదు, పంపకుడు. మనయింట గిన్నెలకు అమ్మవలసిన గుడ్డను ఆమెకు దానమని పంపుట ఆమెకు జరిగిన రెండవ యవమానము. పంపదలచినచో క్రొత్త గుడ్డ పంపుడు, శుభ్రమైన నెలసరి గుడ్డలు పంపుడు, దోమతెరలు పంపుడు. వరద వెనుక మలేరియా వచ్చునని అక్కడి పిల్లవానికి కూడ తెలియును.

భద్రాద్రి రాముని కథలో ఇద్దరు స్త్రీలను మనము భక్తితో తలచుచున్నాము. ఒకతె శబరి, ఎంగిలి పండ్లు పెట్టినది. ఆమె పేరు మోయు నదియే చింతూరును ముంచుచున్నది. రెండవది దమ్మక్క, పుట్టలోనున్న దేవుని కనుగొని తాటాకుల పందిరి వేసి తాటిపండు నైవేద్యము పెట్టిన కోయస్త్రీయని స్థలపురాణము. దమ్మక్కను దండలతో పూజించుటకు మనకు అభ్యంతరము లేదు. దమ్మక్క మనుమరాలు మెట్టమీద పందిరి వేసిన మాత్రము అటవీశాఖవారు పీకివేయుదురు. తానీషా నాటినుండి వచ్చు ఆచారమని శ్రీరామనవమికి ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు పంపుచున్నది. ఏ సంవత్సరమును అవి ముహూర్తము దాటి వచ్చినట్లు వినలేదు. గోదావరి గట్టున దేనినైనను వేళకు చేర్చుట అసాధ్యమనువారికి ఈ ముత్యములే జవాబు.

ఖమ్మము పట్టణమువారును దీనిని ఏజన్సీవారి గొడవయని త్రోసివేయరాదు. 2024 సెప్టెంబరు 1 న మున్నేరు పొంగి బొక్కలగడ్డ, మోతీనగర్ వంటి ఏటియొడ్డు పేటలను ముంచినది. ప్రకాశ్ నగర్ వంతెనమీద తొమ్మండుగురు చిక్కుకొని పగలంతయు సాయము కొరకు చూచిరి. హెలికాప్టరు రాలేదు. తుదకు వారిని దించుకొని వచ్చినది ఒక జె.సి.బి. డ్రైవరు. మరునాడు అతనిని ఎల్లరును పొగడిరి. పొగడుట చౌక.

నేను కోరునది గొప్ప సంగతులు కావు. గూడెమునకు దగ్గరనున్న మెట్టను, 1986 నాటి 75.6 అడుగుల గుర్తుకు పైన, వరద రాకమునుపే హక్కుపత్రముతో ఇయ్యవలెను. అడవి తగ్గునని యేడ్చువారు రహదారులకును గనులకును ఎంత యడవి పోయినదో ముందుగా లెక్క చూచుకొందురు గాక. సాయము కార్డునుబట్టి గాక మనిషినిబట్టి యుండవలెను; ముంపులో నిలిచియున్నవాడే తన ముంపునకు సాక్ష్యము. కౌలుదారును కూలిస్త్రీయును పుస్తకములోనికి రావలెను. రెండు రాష్ట్రములవారు కూర్చుండి ఒక్క నదికి ఒక్క రేటు పెట్టుకొనవలెను. పోలవరమున నీరు ఒక్క మీటరు పెంచుటకు ముందు ఆ మీటరులోని ఆఖరి యిల్లు ఎక్కడ కట్టబడినదో చూపవలెను. 2022 లో భద్రాచలపు ముంపువారికి మెరకమీద కాలనీలు కట్టుటకును తదితరములకును వేయి కోట్ల రూపాయలని ప్రకటించిరి. ఆ ప్రభుత్వము 2023 డిసెంబరులో దిగిపోవునాటికి ఆ కాలనీ మాటగానే మిగిలెను. తరువాతివారు అది తమ మాట కాదందురు. నది మాత్రము ప్రభుత్వములను ఎంచుకొని రాదు.

మా మిత్రునకు ఈ వ్యాసపు చిత్తుప్రతిని చదివి వినిపించితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత, "అయితే వచ్చే ఆషాఢములో మనము పోయి చూతమా?" అనెను. ఆషాఢములో పోయినచో త్రోవ యుండదు; మాఘములోనే పోవలెనని చెప్పితిని. దరఖాస్తులు వ్రాయుటకు తెల్లకాగితములును, ఆ గూడెములలో కోయభాష వచ్చిన ఒక బడిపంతులును ఉన్నచో చాలును.